తాత రామకోటి

మా ఇంట్లో ఒక ఇనుప పెట్టె ఉంది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే రోజుల్లో తాత తన పానాలు, సుత్తెలు పెట్టుకున్న పెట్టె. ఇప్పుడు అందులోనూ, పక్కనున్న రెండు అట్టపెట్టెల్లోనూ కలిపి 163 నోటుబుక్కులు ఉన్నాయి. ఏది తెరిచినా ఒకటే మాట. శ్రీరామ, శ్రీరామ, శ్రీరామ.

రామకోటి లెక్క తాత నాకు మూడో తరగతిలోనే నేర్పాడు. పేజీకి 200 సార్లు. 200 పేజీల పుస్తకం నిండితే 40,000. కోటి కావాలంటే 250 పుస్తకాలు. రోజుకు వెయ్యి రాస్తే పదివేల రోజులు, అంటే ఇరవై ఏడేళ్ల పైచిలుకు. 1985లో రిటైరైన మర్నాడే మొదలుపెట్టాడు. 2018 కార్తీకమాసంలో పోయాడు. ముప్పై మూడేళ్లు చేతిలో ఉన్నాయి. లెక్క ప్రకారం ఐదేళ్ల ముందే కోటి పూర్తి కావాలి. కాలేదు. ఎందుకు కాలేదో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

తాత పుట్టింది భువనగిరి దగ్గర ఒక పల్లెలో. ఏ సంవత్సరం అని అడిగితే "1337 ఫసలీ, ఆజూర్ నెల" అనేవాడు. నిజాం రాజ్యంలో సర్కారు కాగితాలన్నీ ఫసలీ లెక్కలోనే నడిచేవి. దానికి 590 కలపమని మాకు పలకా బలపం ఇచ్చేవాడు. 1927 అని వస్తే, "శభాష్ బిడ్డా, నా కంటే నీకే నా వయసు బాగా ఎరుక" అని నవ్వేవాడు.

ఆయన చదువు ఉర్దూలో సాగింది. ఆ రోజుల్లో బడి అంటే ఉర్దూయే. ఇంట్లో మాట్లాడేది తెలుగు, రాసేది ఉర్దూ. "మా అవ్వ మాట్లాడే మాట నాకు రాయరాకపాయె" అని ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు మారేది. పద్దెనిమిదేళ్లకు, 1946లో, లాలాగూడ వర్క్‌షాపులో ఖలాసీగా, అంటే ఫిట్టర్లకు చేతిసాయం చేసే పనివాడిగా చేరాడు. అప్పటికే ఆ వర్క్‌షాపుకు యాభై ఏళ్లు దాటాయి. 1893 నాటిది. తోటి పనివాడొకడు తెలుగు అక్షరాలు నేర్పితే, ఆదివారాలు సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికి వెళ్లి కూర్చుని పత్రికలు కూడబలుక్కుంటూ చదివేవాడట. 1901 నుంచీ ఉన్న గ్రంథాలయం అది. ఇరవై ఏళ్లు వచ్చాక నేర్చుకున్న అక్షరాలు కాబట్టి ఆయన తెలుగు రాత చివరిదాకా పిల్లల రాతలాగే ఉండేది. గుండ్రంగా, ఒక్కో అక్షరం విడివిడిగా, తలకట్టు మీద ప్రత్యేకంగా చేయి ఆపి. ఉర్దూ రాస్తే మాత్రం కలం నీళ్లలా పారేది.

మొదటి జీతం హాలీ సిక్కాలో, అంటే నిజాం నాణెంలో. చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయి. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్ రూపాయలు, అంటే ఇంగ్లీషువాళ్ల రూపాయలు. ఆ జీతంలోంచి ఒక్క రూపాయి బిళ్ల తీసి దాచుకున్నాడు. అది ఇప్పుడు మా నాన్న దగ్గరుంది. నిజాం స్టేట్ రైల్వేలో చేరి, తర్వాత సెంట్రల్ రైల్వేకు మారి, 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టాక అందులో రిటైరయ్యాడు. "నేను కూసున్న కాడనే కూసున్న, కంపెనీయే మూడు పేర్లు మార్చింది" అనేవాడు.

1948లో రజాకార్ల భయానికి ఊళ్లోవాళ్లు మూటాముల్లె నెత్తిన పెట్టుకుని పట్నానికి వచ్చారు. తాతకున్నది ఒకటిన్నర గది. అందులో పదకొండు మంది నెలల తరబడి ఉన్నారు. సెప్టెంబర్‌లో సైన్యం వచ్చి ఐదు రోజుల్లో అంతా తేలిపోయాక ఒక్కొక్కరే తిరిగి వెళ్లారు. ఆ పదకొండు మందికి వంట చేసింది పక్క క్వార్టర్‌లో ఉండే ముస్లిం కుటుంబం. ఆ ఇంటాయన, తాత ఒకే షెడ్డులో ఫిట్టర్లు. మా నాన్న వాళ్లు ఆయన్ని చాచా అని పిలిచేవారు. చాచా పోయేదాకా రంజాన్‌కు స్టీలు డబ్బాలో షీర్ ఖుర్మా మా ఇంటికి వచ్చేది, అదే డబ్బాలో ఉగాదికి పచ్చడి, భక్ష్యాలు వాళ్లింటికి వెళ్లేవి. ఆ డబ్బా ఏ ఇంటిదో ఎవరికీ గుర్తు లేదు.

ఇక రామకోటిని ఆపిన పోస్టుకార్డుల సంగతి.

1974లో నానమ్మకు కడుపులో కణితి వచ్చి గాంధీ ఆసుపత్రిలో చేరింది. ఇప్పటి ముషీరాబాద్ ఆసుపత్రి కాదు. అప్పుడది సికింద్రాబాద్ స్టేషన్‌కు ఎదురుగానే ఉండేది. రైలు దిగినవాళ్లు రోడ్డు దాటితే ఆసుపత్రి. అందుకే జనగామ, ఆలేరు, కాజీపేట వైపు నుంచి ప్యాసింజర్ ఎక్కి ఎంతమంది రోగులో వచ్చేవారు. నానమ్మ అక్కడ ఇరవై రోజులు ఉంది. షిఫ్టు అయ్యాక తాత వెళ్లి వరండాలో పడుకునేవాడు. అక్కడ ఒక మనిషి రెండు రోజులుగా చేతిలో పోస్టుకార్డు పట్టుకుని తిరుగుతున్నాడట. భార్యకు ఆపరేషన్. ఊరికి కబురు పంపాలి. రాయడం రాదు. ఎవరిని అడగాలన్నా బిడియం. "కార్డు చెమటకు తడిసి మెత్తబడ్డది బిడ్డా, అప్పడం లెక్క" అని చెప్పేవాడు తాత. ఆ కార్డు మీద పెన్ను పెడితే సిరా పీల్చుకుని పాకిపోయింది. ఇంకో కార్డు తెచ్చి రాసిచ్చాడు. అది చూసి పక్క మంచం వాళ్లు, ఆ పక్క మంచం వాళ్లు వచ్చారు. నానమ్మ ఇంటికి వచ్చేసింది. తాత ఆసుపత్రికి వెళ్లడం మానలేదు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆదివారాలే. రిటైరయ్యాక వారానికి నాలుగైదు రోజులు. రోజుకు వెయ్యి శ్రీరామలు అని సంకల్పం చెప్పుకున్న మనిషి, ఆసుపత్రికి వెళ్లిన రోజు ఒక్కటి కూడా రాసేవాడు కాదు. చేయి నొప్పి కాదు, ఓపిక లేక కాదు. ఆ రోజు రాయాల్సింది రాసేశానన్నట్టు ఉండేవాడు. నానమ్మ ఒకసారి గట్టిగానే అడిగింది. "దేవునికి మొక్కి సగంల ఇడిస్తే పాపం తాకదా?" తాత అన్నం కలుపుతూ, "రాముడు చదువుకున్నోడే. కార్డులు సుత చదువుకుంటడు" అన్నాడు. ఆ మాట తర్వాత నానమ్మ మళ్లీ అడగలేదు. పైగా ఆ మర్నాటి నుంచి తాత సంచిలో ఒక నిమ్మకాయ పచ్చడి సీసా కూడా పెట్టేది. రోగుల దగ్గర ఉండేవాళ్లు స్టేషన్ బయట కొనుక్కున్న వట్టి అన్నం తింటారని తాత చెప్పిన మాట ఆమె మనసులో పెట్టుకుంది. ఏటా వేసవిలో నాలుగు జాడీలు వేసేది. మూడు ఆసుపత్రికి, ఒకటి మాకు.

నేను ఆయనతో మొదటిసారి వెళ్లింది 1987 ఎండాకాలం సెలవుల్లో. నాకు తొమ్మిదేళ్లు. మెట్టుగూడ నుంచి చిలకలగూడ మీదుగా నడక. ఆయన భుజానికి గుడ్డ సంచి. అందులో కార్డుల కట్ట, రెండు పెన్నులు, పచ్చడి సీసా, రాయడానికి కింద పెట్టుకునే అట్ట. అప్పుడు కార్డు పదిహేను పైసలు. డబ్బులిస్తామంటే తీసుకునేవాడు, ఆ పదిహేను పైసలే. ఊరికే ఇస్తే వాళ్లకు మళ్లీ అడగబుద్ధి కాదని ఆయన ఆలోచన. నాకు ఇచ్చిన పని చిల్లర లెక్కపెట్టడం, రాసిన కార్డులు స్టేషన్ దగ్గరి పోస్టు డబ్బాలో వేసి రావడం.

ఆ సెలవుల్లో జనగామ వైపు నుంచి వచ్చిన ఒక ముసలామెను నేను ఇప్పటికీ మరిచిపోలేదు. ఆమె కొడుకు గీత కార్మికుడు. తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు. ఒక కాలు మోకాలి కింద తీసేశారు. కోడలు ఊళ్లో నిండు గర్భిణి. ఆమెకు కార్డు రాయాలి. ముసలామె చెప్పడం, తాత రాయడం. బర్రెకు కుడితి పెట్టమని, గడ్డి అరువు తెమ్మని, వడ్డీ ఆయన అడిగితే పండుగ దాకా ఆగమని చెప్పమని. అన్నీ అయ్యాక గొంతు తగ్గించి, "కాలు సంగతి రాయకు సారూ. కాలు మంచిగుంది, లేసి నడుస్తుండు అని రాయి" అంది.

తాత పెన్ను ఆపాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అవ్వా, నడుస్తుండని నేను రాయను. రేపు బిడ్డ చూస్తది గదా, చూసినంక ఆ కార్డు దాని చేతులనే ఉంటది. కాని అన్నీ రాయాల్నని లేదు" అన్నాడు. చివరికి ఏం రాశాడో నాకు అక్షరం అక్షరం గుర్తు. నేనే పోస్టు డబ్బా దగ్గర నిలబడి చదివాను. "నీ పెనిమిటి ప్రాణంతో ఉన్నాడు. మాట్లాడుతున్నాడు. నిన్ను అడుగుతున్నాడు. నువ్వు వేళకు తిను."

అంతే. మూడు నాలుగు చిన్న వాక్యాలు. నేను ఉద్యోగంలో ఎన్నో ఉత్తరాలు రాశాను, చేదు కబుర్లు చెప్పాల్సినవి కూడా. ప్రతిసారీ ఆ అట్ట మీద ఆగిన పెన్ను కళ్ల ముందుకు వస్తుంది.

మరుసటి ఏడు ఎండాకాలంలో ఒకాయన చంకల కింద కర్రలతో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. వెనకాల అదే ముసలామె, నెత్తి మీద ముంజల గంప. పిల్లవాడు పుట్టాడట. గడప దగ్గరే కూర్చుని, మా అందరికీ ఆయనే కొడవలితో ముంజలు కొట్టి ఇచ్చాడు. చెట్టెక్కలేని గౌడ్ కులపోడు ఏం చేస్తాడని ఊళ్లో అంటున్నారని చెబుతుంటే తాత ముంజ తినడం ఆపేశాడు. ఆ సాయంత్రమే ఎవరెవరికో కబుర్లు పంపాడు. కొన్నాళ్లకు ఆయనకు భువనగిరి స్టేషన్ బయట సోడా బండి కుదిరింది.

ముస్లిం కుటుంబాలు వస్తే తాత ముఖం వెలిగేది. కార్డు పైన బిస్మిల్లాకు గుర్తుగా 786 వేసి, కుడి నుంచి ఎడమకు చకచకా రాసుకుపోయేవాడు. తెలుగు కార్డుల మీద పైన శ్రీరామ అని రాసేవాడు. క్రైస్తవులొస్తే, "పైన ఏం రాయమంటవ్?" అని అడిగి, వాళ్లు చెప్పింది రాసేవాడు. ఎవరి కార్డు వాళ్ల దేవుడితో మొదలవ్వాలి, అది ఆయన పట్టుదల. ఒక్క విషయం మాత్రం ఎవరికీ కార్డులో రాయలేదు, చావు. ఎవరైనా పోతే టెలిగ్రామ్ ఇప్పించేవాడు. టెలిగ్రామ్ చదివేవాళ్లు కూడా ఆ ఊళ్లో ఉండరనిపిస్తే తనే రైలెక్కేవాడు. రిటైరైన రైల్వే ఉద్యోగికి ఏటా పాసులు వస్తాయి. అందరూ వాటితో కాశీ, తిరుపతి వెళ్లేవారు. తాత పాసులు ఇలా చావు కబుర్లకే ఎక్కువగా ఖర్చయ్యాయి. కాశీకి ఆయన వెళ్లనే లేదు. నానమ్మకు ఆ వెలితి ఉండేది, దాన్ని దాచుకునేది కాదు. తను అడిగింది న్యాయమే. నేను ఇవాళ్టికీ ఆమె పక్షమే.

భద్రాచలం మాత్రం ఏటా శ్రీరామనవమికి తప్పేది కాదు. రాత్రి రైలెక్కి కొత్తగూడెంలో దిగేవాళ్లం. స్టేషన్ పేరు భద్రాచలం రోడ్, గుడి ఇంకా నలభై కిలోమీటర్లు. తెల్లవారుజామున బస్సులో నానమ్మ భుజం మీద నిద్రపోతూ వెళ్లడం, గోదావరి చల్లటి నీళ్లు, కల్యాణం తలంబ్రాలు తాత తువ్వాలు కొసకు ముడి వేసుకోవడం. వచ్చాక ఆ తలంబ్రాలు చిన్న చిన్న పొట్లాలు కట్టి పెళ్లి కావాల్సిన పిల్లలున్న ఇళ్లకు పంచేవాడు. గోల్కొండ కోటలో రామదాసును బంధించిన చెరసాలకు కూడా మమ్మల్ని తీసుకెళ్లాడు. గోడ మీది దేవుళ్ల బొమ్మలు చూపించి, "గీ చీకట్ల గూడ చేతికి పని చెప్పిండు, చూడు" అన్నాడు. నాకు అప్పుడు అర్థం కాలేదు. దాహం వేస్తోందని ఏడిచాను.

ఆషాఢంలో లష్కర్ బోనాలప్పుడు మహంకాళి గుడి వైపు వెళ్లే దారిలో నీళ్ల కుండలు పెట్టి నిలబడేవాడు. నానమ్మ బోనం ఎత్తుకుని వెళ్లేది. తాత క్యూలో నిలబడగా నేను చూడలేదు. చెంబు చేతిలో పట్టుకుని, వచ్చేవాళ్లకు నీళ్లు పోస్తూ, గుడి వైపు తిరిగి ఒక్కసారి దండం పెట్టి మళ్లీ కుండ దగ్గరికి.

ఇంట్లో మనవళ్లు, మనవరాళ్లు పదకొండు మందిమి. అందరికీ అక్షరాభ్యాసం ఆయన చేతుల మీదుగానే. బియ్యంలో మా వేలు పట్టుకుని దిద్దించేటప్పుడు ఆయన అరచేయి గరుకుగా ఉండేది, నలభై ఏళ్లు ఇనుము పట్టిన చేయి. తన నలుగురు కూతుళ్లనూ చదివించాడు. పెద్దత్త పదో తరగతి పాసైన రోజు వర్క్‌షాపు భోంగ (సైరన్) మోగేదాకా ఆగలేక, పర్మిషన్ పెట్టి జిలేబీలు కొనుక్కుని ఇంటికి పరిగెత్తాడట. ముప్పై తొమ్మిదేళ్ల సర్వీసులో ఆయన మధ్యలో లేచి వచ్చిన రోజు అదొక్కటేనని అత్త ఎప్పుడు చెప్పినా ఏడుస్తుంది.

తర్వాత కాలం మారింది. ఎస్టీడీ బూత్‌లు వచ్చాయి. కార్డుల కట్ట సన్నబడింది. చీటీ మీద ఉన్న నంబరు చూసి ఫోను కలిపి ఇవ్వడం తాత పని అయింది. 2003లో ఆసుపత్రి ముషీరాబాద్‌లో పాత జైలు ఉన్న చోటికి మారింది. అప్పటికి ఆయనకు డెబ్బై ఐదు దాటాయి. ఇక మానేస్తాడని అనుకున్నాం. బస్సు పాసు తీసుకున్నాడు. అక్కడ కొత్త భవనాల్లో ఎక్స్‌రే ఎటో, రక్తపరీక్ష ఎటో తెలియక తిరిగేవాళ్లకు దారి చూపించడం, ఆరోగ్యశ్రీ వచ్చాక కాగితాలు నింపి పెట్టడం. సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోకి వచ్చాక కార్డు రాయమని ఎవరూ అడగలేదు. సంచిలో మాత్రం కార్డులు ఉండేవి. ఎనభై మూడో ఏట మెట్ల మీద జారి తుంటి విరిగితే అప్పుడు ఆగాడు.

మంచం మీద, తర్వాత కుర్చీలో, రామకోటి మళ్లీ సాగింది. చేయి వణికేది. పేజీకి 200 పట్టే చోట నూరు పట్టేవి. నానమ్మ 2014లో వెళ్లిపోయింది. ఆమె పదో రోజు అయ్యాక తాత ఒక పుస్తకం మొదటి పేజీలో ఆమె పేరు రాసి, దాని కింద నుంచి శ్రీరామ మొదలుపెట్టాడు. ఆ పుస్తకం ఒక్కటే ఆయన ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

2018 సంక్రాంతి తర్వాత ఆయన్ని మెట్రో ఎక్కించాను. మెట్టుగూడలో లిఫ్టు ఉంది కాబట్టి చక్రాల కుర్చీతో వెళ్లగలిగాం. రైలు మలుపు తిరుగుతుంటే అద్దానికి ముఖం ఆనించి కింద పట్టాలు, స్టేషన్, బస్సులు చూశాడు. చప్పుడు విని, "చక్రం మంచిగ తిరుగుతుంది" అన్నాడు, ఫిట్టర్ కదా. తర్వాత, "గాంధీ ఏది?" అని అడిగాడు. పాత ఆసుపత్రి ఉన్న వైపు వేలు చూపించాను. చాలాసేపు అటే చూశాడు. ఇప్పుడు ముషీరాబాద్ మీదుగా కూడా మెట్రో వెళ్తోంది, గాంధీ హాస్పిటల్ అనే స్టేషన్ కూడా ఉంది. అది మొదలైంది 2020 ఫిబ్రవరిలో. ఆ స్టేషన్ పేరు మైకులో వినబడినప్పుడల్లా నేను తల ఎత్తి చూస్తాను.

ఆయన పోయాక పుస్తకాలన్నీ భద్రాచలం చేర్చాలని నాన్న అన్నాడు. కోటి పూర్తి కాలేదు కదా, మిగిలింది మనం తలా కొంత రాద్దామని చిన్నత్త అంది. ఆ మాట ఇంకా తేలలేదు. ఈలోగా చెదలు పట్టకుండా ఎండలో పెడదామని ఒక ఆదివారం డాబా మీద పరిచి, ఒక్కొక్కటే తిరగేశాను. 1989 నాటి పుస్తకం. పేజీ పైనుంచి శ్రీరామ, శ్రీరామ, గుండ్రటి అక్షరాలు. ఎనిమిదో వరుస సగంలో ఆగిపోయింది. చేతికి వేరే కాగితం దొరకలేదేమో, అదే సిరాతో, అదే వరుసలో ఇలా ఉంది:

"కాజీపేటల దిగాలె. బస్సు దిగినంక చెరువు కట్ట మీదికెల్లి నడక. పోచమ్మ గుడి దాటినంక రెండో ఇల్లు, ముంగట యాప చెట్టు. తల్లి ఒక్కతే ఉంటది. పొద్దుగూకక ముందు పోవాలె."

కింది వరుస నుంచి మళ్లీ శ్రీరామ. మధ్యలో రెండు రోజుల తేదీలు లేవు.